జీవితాంతం ఒక మంచి పనికి కట్టుబడటం మామూలు మనుషులకు సాధ్యమేనా?

సాధ్యమే, దానికి పుట్టుకతో వచ్చిన గొప్పతనం అక్కర్లేదు. చేతికందిన చిన్న పనితో మొదలై, ఏళ్ల తరబడి చేస్తూ పోతే అదే మనిషి స్వభావం అయిపోతుంది. ఒకసారి సాయం చేశాక అవతలివాళ్ల పేరు, ఇల్లు, కష్టం తెలుస్తాయి, తెలిశాక మొహం తిప్పుకోలేం, ఈలోగా అదే పనిలో ఉన్న నలుగురు తోడై ఇంకో బాధ్యత నెత్తిన పెడతారు.

మా అనంతపురంలో ఫాదర్ ఫెర్రర్‌నే చూడండి. 1952లో స్పెయిన్ నుంచి క్రైస్తవ మిషనరీగా వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర బావులు తవ్వుకునే రైతులకు గోధుమలు, నూనె ఇచ్చేవారు. అక్కడ ఉండనివ్వకపోతే 1969లో ఈ కరువు నేలకొచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థ పెట్టారు. బడులు, ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. 2009లో పోయేదాకా ఇక్కడే ఉన్నారు. ఆయన వేరే, మనం వేరే అంటారేమో, కానీ ఊరూరా ఆ పని మోసింది ఇక్కడి మామూలు మనుషులే.

చాలామంది పొరబడేదేమిటంటే, ఇలాంటివాళ్లు రోజూ మనసుతో పోరాడుతూ త్యాగం చేస్తుంటారని. నిజానికి చాలామందికి అది త్యాగంలాగే అనిపించదు. తోడెవరూ లేకుండా, పట్టుదల ఒక్కటే నమ్ముకుని దిగినవాళ్లే తొందరగా అలసిపోతారు.