హైబ్రిడ్ కారు హైవేపై మైలేజీ ఇవ్వకపోతే కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది పలాస. జీడిపప్పు వ్యాపారం. పని మీద వారానికి రెండు మూడుసార్లు విశాఖపట్నం వెళ్లి రావాలి. పెట్రోలు ఖర్చు తగ్గుతుందన్న ఆశతో, మామూలు మోడల్ కంటే మూడు లక్షలు ఎక్కువ పెట్టి, 18 లక్షల హైబ్రిడ్ కారును విశాఖలోని ఒక షోరూమ్‌లో నా పేరు మీద కొన్నాను. లీటరుకు 27 కిలోమీటర్లు వస్తుందన్నారు. ఊళ్లో తిరిగితే 23, 24 ఇస్తోంది కానీ హైవే ఎక్కితే 17 దాటడం లేదు. అడిగితే నవ్వి పంపిస్తున్నారు. నా భార్య నగలు తాకట్టు పెట్టి ముందు సొమ్ము కట్టాను, ఇప్పుడు ఇంట్లో తలెత్తుకోలేకపోతున్నాను. బండి తీసుకుని ఇరవై రెండు నెలలైంది. సేల్స్‌మన్ కొటేషన్ వెనుక ‘పలాస–వైజాగ్ 10 ట్రిప్పులు, 3,600 ÷ 27 = 133 లీటర్లు’ అని రాసి ఇచ్చిన కాగితం పోయింది. దాని ఫొటో మాత్రం నా భార్య ఫోనులో ఉంది. వాయిదాలు ఆపేస్తే షోరూమ్ వాళ్లే దిగివస్తారని మిత్రులు అంటున్నారు. తయారీ లోపం కింద కేసు వేసి మొత్తం డబ్బు వెనక్కు తీసుకోవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో కేసును తేల్చే వాక్యం ఒక్కటే ఉంది, అది నగల గురించినది కాదు. ‘ఊళ్లో తిరిగితే 23, 24 ఇస్తోంది’ అని మీరే రాశారు. ఈ ఒప్పుకోలు తరువాత తయారీ లోపమనే వాదన నిలవదు.

హైబ్రిడ్ కారు పొదుపంతా ఊళ్లోనే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోవలసిన శక్తిని అది బ్యాటరీలోకి మళ్లించుకుంటుంది, నెమ్మదిగా కదిలేటప్పుడు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజను ఆపేసి మోటారుతో పని గడుపుకుంటుంది. నరసన్నపేట దాటి ఒకే వేగంతో సాగే హైవేపై బ్రేకు వేసే అవసరమే అంతగా ఉండదు కనుక, బ్యాటరీకి చేరేది తక్కువ, ఇంజను మోసేది ఎక్కువ. పైగా గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఉన్న నిరోధం 110 దగ్గరకు వచ్చేసరికి ఇంచుమించు రెట్టింపు అవుతుంది. అంటే మీ బండి హైబ్రిడ్ బండి చేయవలసిన పనే చేస్తోంది. దానిని లోపభూయిష్టమని ఫిర్యాదులో రాస్తే, ఎదుటి న్యాయవాది మీ ఉత్తరాన్నే మీకు చదివి వినిపిస్తాడు. బండి మార్చమని, మొత్తం సొమ్ము వాపసు చేయమని అడగడం ఇంకా బలహీనమైన కోరిక. విడిభాగం మార్చితే సరిపోయే చోట వాహనాన్నే మార్చమని ఆదేశించడం తగదని సుప్రీంకోర్టు మారుతి ఉద్యోగ్ వర్సెస్ సుశీల్ కుమార్ గబ్గోత్రా కేసులో 2006లోనే చెప్పింది. మీ బండిలో మార్చవలసిన విడిభాగం కూడా లేదు.

ఇక మిగిలేది అమ్మేటప్పుడు చెప్పిన మాట గురించిన కేసు. మన దేశంలో కంపెనీలు ప్రకటించే మైలేజీ ప్రయోగశాలలో, రోలర్లపై బండిని నడిపి తీసిన ఒకే ఒక్క అంకె. ఊరి నడకనూ ఊరి బయటి నడకనూ అందులో కలిపేస్తారు, వేగం 90 కిలోమీటర్లు దాటదు. అమెరికాలో మాదిరిగా నగరానికి ఒకటి, హైవేకి ఒకటి విడిగా అచ్చు వేయరు. అందువల్ల ‘పరీక్షా పరిస్థితులలో 27’ అని బ్రోచర్ అడుగున ఉన్న చిన్న అక్షరాలు కంపెనీని చాలావరకు కాపాడతాయి. అయితే షోరూమ్‌ను అవి అంత సులువుగా కాపాడలేవు, ఎందుకంటే సేల్స్‌మన్ ఆ అంకెను పరీక్షాశాల నుంచి తీసుకొచ్చి మీ పలాస–వైజాగ్ ప్రయాణానికి అన్వయించి, నెలకు 133 లీటర్లని తేల్చాడు. మీరు నడిపేది హైవే మీదనని తెలిసి వేసిన లెక్క అది. వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి అని వాదించడానికి మీ చేతిలో ఉన్న అసలు ఆధారం ఆ కాగితమే.

ఆ కాగితాన్ని మీరు పోగొట్టుకున్నారు. పద్దెనిమిది లక్షల సరుకు కొంటూ, అమ్మకందారు చేతిరాత ఉన్న ఒకే ఒక్క పత్రాన్ని బీరువాలో పెట్టుకోలేని మనిషి, వ్యాపారంలో బస్తా తూకం చీటీని ఇలాగే పారేస్తాడా? సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ సర్వీసు సెంటరు వాళ్లు రాసే జాబ్ కార్డు మీద మైలేజీ ఫిర్యాదు రాయించి ఉంటారన్న నమ్మకం కూడా నాకు లేదు. నోటితో చెప్పి, ‘ఏ ఫిర్యాదూ లేదు’ అని అచ్చయిన చోట సంతకం పెట్టి వచ్చేవారే ఎక్కువ. పాత జాబ్ కార్డులన్నీ తీసి చూడండి.

ఫొటో ఉన్న ఫోనును ఇప్పటి నుంచి అమ్మవద్దు, రీసెట్ చేయవద్దు. ఆ ఫొటోను పదిమందికి పంపి, వాళ్ల దగ్గర నుంచి తిరిగి తెప్పించుకున్న కాపీ మీద ఆధారపడవద్దు. ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్, 2023 సెక్షన్ 63(4) కింద ధ్రువపత్రం జతచేయాలి. అందులో మొదటి భాగంపై ఫోను వాడుతున్న మీ శ్రీమతి, రెండో భాగంపై నిపుణుడు సంతకం చేస్తారు. ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషన్ సాక్ష్య నియమాలను సివిల్ కోర్టు అంత కఠినంగా పాటించకపోవచ్చు, అయినా ఆ వెసులుబాటును నమ్ముకుని పత్రం లేకుండా వెళ్లకండి. లోపాన్ని నిరూపించవలసిన భారం ఫిర్యాదిదేనని సుప్రీంకోర్టు ఎస్‌జీఎస్ ఇండియా వర్సెస్ డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో 2021లో స్పష్టం చేసింది.

డాష్‌బోర్డు చూపే సగటు చాలదు, దానిని ఎప్పుడైనా సున్నాకు తేవచ్చు. ఒకే బంకులో, పంపు తనంతట ఆగేదాకా ట్యాంకు నింపించి, ఓడోమీటర్ ఫొటో తీసి, బిల్లు ఉంచుకుని, హైవే ప్రయాణాన్ని ఊరి తిరుగుడుతో కలపకుండా విడిగా నమోదు చేయండి. వెళ్లి వచ్చిన తేదీలకు మడపాం, నాతవలస టోల్‌గేట్ల ఫాస్టాగ్ స్టేట్‌మెంటు తోడు తెచ్చుకోండి. అయితే ఆ రెండు గేట్ల మధ్య మీకు పట్టిన సమయాన్ని బట్టి మీ వేగాన్ని ఎదుటివారు కూడా లెక్క కడతారు. నోటీసు పంపడానికి ముందే ఆ లెక్క మీరు వేసుకుని చూడండి. లీటరుకు 32 కిలోమీటర్లని ప్రకటించిన కారు నిపుణుడి పరీక్షలో 20 లోపే ఇచ్చిందని తేలిన కేసులో, కేరళలోని త్రిస్సూరు జిల్లా కమిషన్ 2022లో కొనుగోలుదారుకు పరిహారం మంజూరు చేసింది. ఆ ఉత్తర్వు మన జిల్లా కమిషన్‌ను కట్టిపడేయదు, కానీ అక్కడ గెలిపించింది నిపుణుడి నివేదిక అన్నది గమనించండి. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల మెకానికల్ విభాగం వంటి చోట నుంచి నిపుణుడిని నియమించి, హైవేపై నడిపించి చూడాలని ఫిర్యాదుతో పాటే దరఖాస్తు పెట్టండి.

వాయిదాలు ఆపే ఆలోచన మాత్రం ఈ రోజే మానుకోండి. బ్యాంకు మీకు మైలేజీ హామీ ఇవ్వలేదు. మీ ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా వెళ్లే వాయిదా సొమ్ము లేక తిరిగొస్తే, చెల్లింపులు, పరిష్కార వ్యవస్థల చట్టం, 2007లోని సెక్షన్ 25 కింద అది చెక్కు బౌన్సు లాంటి నేరమే, శిక్ష రెండేళ్ల జైలు వరకు ఉంటుంది. అటు షోరూమ్ తన డబ్బు బ్యాంకు నుంచి ఎప్పుడో అందుకుంది కనుక దిగివచ్చే అవసరం దానికి లేదు. బండిని బ్యాంకు పట్టుకుపోతే నిపుణుడికి చూపించడానికి కూడా మీ దగ్గర ఏమీ మిగలదు.

అన్నిటికంటే అత్యవసరమైనది గడువు. వినియోగదారుల పరిరక్షణ చట్టంలోని సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన సంగతి, పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు దాఖలు కావాలి. మైలేజీ రావడం లేదని ఫలానా నెలలో తెలిసిందని వాదించవచ్చు గానీ, క్షేమం కోరేవారు డెలివరీ తేదీ నుంచే లెక్కించుకోవాలి. ఆ లెక్కన మీకు మిగిలింది రెండు నెలలు. ఉత్తరాలు, నోటీసులు రాసినంత మాత్రాన గడువు పెరగదు. కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ కేసులో ఏళ్ల తరువాత మేల్కొన్న వారి ఫిర్యాదును కాలపరిమితి దాటిందంటూ సుప్రీంకోర్టు 2009లో తోసిపుచ్చింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది కానీ, ‘షోరూమ్ వాళ్లు ఆశ పెట్టారు’ అనేది తగిన కారణంగా నెగ్గడం కష్టం.

మీరు నివసించేది శ్రీకాకుళం జిల్లాలో కనుక అదే చట్టంలోని సెక్షన్ 34(2)(డి) ప్రకారం శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, విశాఖ వెళ్లనవసరం లేదు. చెల్లించిన ధర 20 లక్షలలోపే కనుక రుసుము 400 రూపాయలు. అయితే బండి వాణిజ్య ప్రయోజనానికి కొన్నదని, మీరు వినియోగదారుడే కాదని మొదటి అభ్యంతరం తప్పక వస్తుంది. ఇన్‌వాయిస్ మీ పేరు మీద ఉండడం మంచిదే. ఆదాయపు పన్ను రిటర్నులో ఆ కారును వ్యాపార ఆస్తిగా రాసి తరుగుదల చూపించారేమో మీ ఆడిటరును అడగండి. చూపించి ఉంటే, మీ స్వయం ఉపాధి జీవనోపాధికే వాడుతున్నారని ఫిర్యాదులోనే వివరించాలి, దాచకూడదు.

అడగవలసినది మూడు లక్షల అదనపు ధర, నెలకు దాదాపు 78 లీటర్ల పెట్రోలు తేడా, ఖర్చులు. ఇది మధ్యవర్తిత్వంలో తేలగల మొత్తం, సెక్షన్ 37 కింద కమిషనే అందుకు పంపవచ్చు. షోరూమ్‌కూ కంపెనీకీ విడివిడిగా స్పీడ్ పోస్టులో నోటీసు ఈ వారమే పంపండి. పదిహేను రోజులకు మించి గడువు ఇవ్వకండి. జవాబు రాకపోయినా, ‘పరిశీలిస్తున్నాం’ అని వచ్చినా, పదహారో రోజున ఫిర్యాదు దాఖలు చేయండి.