గుడి మైకులో అభ్యర్థి గుణగణాలు: చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మాది కాకినాడ జిల్లాలో ఒక పల్లె. రామాలయం కమిటీలో సభ్యుణ్ణి. పోయిన అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా కమిటీ పెద్ద భజన అయ్యాక మైకు తీసుకుని, "మనవాడు ఏటా మాల వేస్తాడు, చుక్క ముట్టడు. అవతలివాడు పెళ్లాన్ని వదిలేసినవాడు. వాడికి ఓటేస్తే ఊరికి అరిష్టం" అన్నారు. పక్క వీధి చర్చిలో పాస్టరుగారు కూడా దాదాపు ఇలాగే చెప్పారట. వచ్చే ఎన్నికలకు ఇవే మాటలతో కమిటీ పేరున కరపత్రం వేస్తామని, నన్నూ సంతకం పెట్టమంటున్నారు. అభ్యర్థి నడవడిక గురించి మాట్లాడటం నేరమా?

జవాబు: నేరం కాదు. మతపెద్దలు ఎన్నికల్లో నోరు విప్పకూడదని చాలామంది అనుకుంటారు, అది కూడా నిజం కాదు. సిర్సా నియోజకవర్గంలో నామ్‌ధారీల (సిక్కుల్లో ఒక శాఖ) గురువు ఫలానా అభ్యర్థికే ఓటేయాలని తన శిష్యులకు ఆజ్ఞ ఇచ్చిన కేసు ఒకటుంది (రామ్ దయాళ్ కేసు, 1959). ఏ అభ్యర్థి యోగ్యుడో చెప్పే హక్కు, ప్రచారం చేసే హక్కు గురువుకూ ఉన్నాయని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయితే, కాదంటే దేవుడికి కోపం వస్తుందన్న భయంతో ఓటరుకు వేరే దారి లేకుండా చేయడం అనుచిత ప్రభావమని తేల్చింది. ఆ గెలుపు చెల్లలేదు.

ఇప్పుడు మీ పెద్దాయన మాటలు చూద్దాం. "చుక్క ముట్టడు" అనడంలో తప్పు లేదు, నిజమైతే చాలు. "ఏటా మాల వేస్తాడు, అందుకని ఓటేయండి" అంటే మాత్రం ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 123(3) అడ్డొస్తుంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి ఓటడిగినా అవినీతి చర్యేనని 2017లో అభిరామ్ సింగ్ కేసులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3 మెజారిటీతో చెప్పింది. "ఊరికి అరిష్టం" అన్నది ఇంకా ప్రమాదం, అది నేరుగా 123(2), అంటే పైన చెప్పిన అనుచిత ప్రభావం కిందికి వస్తుంది. డబ్బు చేతిలో పెట్టి దేవుడి పటం మీద ఒట్టు వేయించుకోవడం మన దగ్గర చూస్తూనే ఉన్నాం. ఆ ఒట్టుకు చట్టం దృష్టిలో విలువే లేదు. ఒట్టు వేశామన్న భయంతో ఎవరూ ఓటు మార్చుకోనక్కర్లేదు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది "పెళ్లాన్ని వదిలేశాడు" అన్న మాట. అది అబద్ధమని తెలిసీ, లేదా నిజమన్న నమ్మకం లేకుండానే అచ్చు వేస్తే 123(4) వర్తిస్తుంది. భారతీయ న్యాయ సంహిత 175 కింద జరిమానా, పరువు నష్టం కేసు అదనం. ఇందులో ఆ అభ్యర్థి ఒక్కడే కాదు, అసలు పోటీలోనే లేని ఒక ఆడమనిషి సంసారం కూడా వీధిన పడుతుంది. అభ్యర్థి సొంత జీవితంలోని ప్రతి విషయం తెలుసుకునే హక్కు ఓటరుకు లేదని 2024లో కరిఖో క్రి కేసులో సుప్రీంకోర్టు కూడా అంది. తెలుసుకోవాల్సింది మాత్రం అభ్యర్థి నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఉంటుంది: కేసులు, ఆస్తులు, అప్పులు, భార్య లేదా భర్త ఆస్తులు కూడా. భార్య ఆస్తి వివరాలు దాచినందుకు ఎన్నిక పోగొట్టుకున్న ఎమ్మెల్యే ఉన్నాడు (కథోరే కేసు, 2014). నిజాయితీ కొలవాలంటే మాల కన్నా ఆ కాగితం చదవడం మేలు.

ఇక మీ సంగతి. 123లోని ఈ మూడింటితో గెలుపు రద్దు కావాలంటే సాధారణంగా అభ్యర్థి లేదా అతని ఏజెంటు ప్రమేయం, కనీసం సమ్మతి రుజువు కావాలి. దానికి ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులో పిటిషన్ వేయాలి. పోయిన ఎన్నిక విషయంలో ఆ గడువు దాటిపోయింది. గుడి మైకు వ్యవహారానికి మాత్రం అభ్యర్థి సమ్మతితో పనిలేదు. 1988 నాటి మతసంస్థల దుర్వినియోగ నివారణ చట్టం ప్రకారం గుడిని గానీ చర్చిని గానీ రాజకీయ ప్రచారానికి వాడనిస్తే నిర్వాహకులకు అయిదేళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. కమిటీ సభ్యులుగా మీరు కూడా ఇరుక్కోవచ్చు.

కాబట్టి ఆ కరపత్రం మీద సంతకం పెట్టకండి. వద్దన్నానని కమిటీ మినిట్స్ పుస్తకంలో రాయించి, దాని నకలు దగ్గర పెట్టుకోండి. మీకు నచ్చిన అభ్యర్థి గురించి చెప్పాలనుంటే సొంత పేరుతో, గుడి బయట, రుజువున్న మాటలే చెప్పండి. కరపత్రం వేస్తే ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ ప్రకారం ముద్రించినవారి, ప్రచురించినవారి పేర్లు, చిరునామాలు దాని మీద తప్పక ఉండాలి.