టెస్టు లింకు చెత్తబుట్టలోకి ఎలా వెళ్లింది?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ అయి ఏడాది దాటింది. పోయిన వారం ఒక కంపెనీ నుంచి ఫోన్ చేసి, ఆన్‌లైన్ టెస్టు లింకు మెయిల్ చేశాం, గడువు దాటిపోయింది, ఎందుకు రాయలేదని అడిగారు. వాడి ఇన్‌బాక్స్‌లో ఆ మెయిలే లేదు. నలభై వేల మెయిళ్లున్నాయి. వాటంతటవే సర్దుకోవడానికి ఏవో ఫిల్టర్లు పెట్టుకున్నాడట. ఆ జాబితా ఫొటో తీసి పంపుతున్నాను. ఈ ఐడీ వదిలేసి కొత్తది తెరుస్తానంటున్నాడు. మంచిదేనా? నేను ఆర్‌ఎంఎస్‌లో, అంటే తపాలా వాళ్ల రైల్వే మెయిల్ సర్వీసులో, ఉత్తరాలు వేరుచేసే సార్టింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. నాకు కంప్యూటర్ అంతంతమాత్రం. వాడి అజాగ్రత్త చూస్తే మాత్రం టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు అబ్బాయిని తిట్టడం ఆపండి సార్. ఫొటో చూశాను. 23 ఫిల్టర్లలో నా అనుమానమంతా తొమ్మిదో దాని మీదే. ‘ఆఫర్’ అన్న ఇంగ్లిష్ మాట మెయిల్లో ఎక్కడ కనిపించినా డిలీట్ చెయ్యమని ఉందందులో. షాపింగ్ యాప్‌ల గోల పడలేక పెట్టుకుని ఉంటాడు. కానీ ఉద్యోగాల మెయిళ్లలో ‘మేం ఆఫర్ చేసేవి’ అంటూ జీతం, ఇన్సూరెన్స్ రాయడం మామూలే. ఈ ఫిల్టర్ ఉన్నంతకాలం నిజంగా ఆఫర్ లెటరే వచ్చినా చెత్తబుట్టలోకే పోతుంది!

మీ పని గుర్తు చేసుకోండి. కవరు మీద పిన్ కోడ్ చూసి గడిలో వేసేవారు. 50తో మొదలైతే తెలంగాణ, 51 నుంచి 53 దాకా ఆంధ్ర. లోపల ఉత్తరంలో ఏం రాశారో మీకు పనిలేదు. మీవాడి ఫిల్టరేమో కవరు విప్పి ఉత్తరం చదివి, ఒక మాట నచ్చకపోతే పారేస్తోంది. పంపినవాళ్ల అడ్రసుని బట్టి సర్దే ఫిల్టర్ చాలావరకు నమ్మదగ్గది. మాటని బట్టి సర్దేది ఏదో ఒక రోజు దెబ్బ కొడుతుంది.

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. జీమెయిల్ చెత్తబుట్టలోనూ స్పామ్‌లోనూ మెయిళ్లు 30 రోజులే ఉంటాయి, తర్వాత వాటంతటవే పోతాయి. మామూలుగా వెతికితే ఆ రెండు చోట్లా చూడదు. అందుకే అతనికి దొరికుండదు. వెతికే గడిలో ఇంగ్లిష్‌లో ‘ఇన్’, కోలన్, ‘ఎనీవేర్’ అని మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి, పక్కన కంపెనీ పేరు రాస్తే అన్ని మూలలూ చూస్తుంది. దొరికిన మెయిల్‌ని ఇన్‌బాక్స్‌లోకి మార్చుకుని, ఫోన్ చేసిన వాళ్లకి మూడే ముక్కలు రాయించండి: మెయిల్ చూడలేకపోయాను, క్షమించండి, వీలుంటే లింకు మళ్లీ తెరవండి. ఫిల్టర్ కథంతా వద్దు. తెరుస్తారని నేను హామీ ఇవ్వలేను. అడగకపోతే మాత్రం ఎలాగూ తెరవరు.

కొత్త ఐడీ వద్దు. నౌకరీ, లింక్డ్‌ఇన్ లాంటి ఉద్యోగాల సైట్లలో, కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్‌లో, ఏడాదిగా పంపిన ప్రతి రెజ్యూమెలో ఉన్నది ఈ పాత ఐడీయే. పిలుపులన్నీ దానికే వస్తాయి. ఇల్లు మారి పోస్టాఫీసుకి చెప్పని వాళ్ల ఉత్తరాలు ఎటు పోయేవో మీకు నేను చెప్పాలా?

ఇక రిపేరు. ఫోన్ యాప్‌లో ఫిల్టర్లు మార్చే వీలు లేదు కాబట్టి కంప్యూటర్ ముందు కూర్చోండి. సెట్టింగ్స్‌లో ‘ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్’ అని ఉంటుంది. ముందు అన్నిటినీ ఎంచుకుని ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే ఒక ఫైలు దిగుతుంది. ఏదైనా చెడితే మళ్లీ ఎక్కించుకోవచ్చు. తర్వాత ‘డిలీట్ ఇట్’ అన్న ప్రతి ఫిల్టర్‌నీ తీసేయండి. మొహమాటం వద్దు, ఉద్యోగం వెతుక్కునే మనిషికి ఆ రకం ఫిల్టర్ అవసరమే లేదు. మిగిలినవాటిలో ‘స్కిప్ ది ఇన్‌బాక్స్’, ‘మార్క్ యాజ్ రెడ్’ ఉన్నవి అనుమానించండి. ఇన్‌బాక్స్ దాటించిన మెయిల్‌కి మామూలుగా ఫోన్ మోగదు. పైగా చదివినట్టు గుర్తు పడితే ఇక ఎవరి కంటా పడదు. ఒక్కో ఫిల్టర్‌లోని షరతుని కాపీ చేసి వెతికే గడిలో పెట్టి చూడమనండి. అది ఏయే మెయిళ్లని పట్టుకుంటోందో అక్కడే బయటపడుతుంది. నిజానికి కొత్త ఫిల్టర్ పెట్టే ముందే చేయాల్సిన పని ఇది.

పద్నాలుగో ఫిల్టర్ ఆ కంపెనీ అడ్రసుకి స్టార్ పెట్టమంటోంది కదా, అది ఏం చేసినట్టు అని అతను అడగొచ్చు. టెస్టు లింకు చాలాసార్లు కంపెనీ అడ్రసు నుంచి రాదు. హ్యాకర్‌ర్యాంక్, మెర్సర్ మెటిల్ లాంటి పరీక్షలు పెట్టే సంస్థల నుంచి వస్తుంది. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. ఒకవేళ కంపెనీ నుంచే వచ్చినా లాభం ఉండేది కాదు. జీమెయిల్లో పైది ముందు, కిందిది తర్వాత అన్న వరస లేదు. సరిపోయిన ఫిల్టర్లన్నీ కలిసి పనిచేస్తాయి, అంటే స్టార్ తగిలించుకునే చెత్తబుట్టలోకి పోయేదన్నమాట. మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ అవుట్‌లుక్ పద్ధతి వేరు. అందులో ఫిల్టర్లని రూల్స్ అంటారు. అవి పైనుంచి కిందికి నడుస్తాయి, ఒక రూల్ దగ్గర మిగతావాటిని ఆపేయొచ్చు కూడా. కాలేజీ ఐడీ అవుట్‌లుక్‌దైతే అక్కడి రూల్స్ కూడా ఓసారి చూడండి.



మళ్లీ కట్టుకునేటప్పుడు మూడు నాలుగు చాలు. జాబ్ పోర్టళ్ల రోజువారీ అలర్టులకి ఒక లేబుల్, అవి ఇన్‌బాక్స్ దాటినా నష్టం లేదు. షాపింగ్ మెయిళ్లకి ఫిల్టర్ దేనికి, అన్‌సబ్‌స్క్రైబ్ చేస్తే సరి. అప్లై చేసిన కంపెనీల, టెస్టు సంస్థల అడ్రసులకి ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ పెట్టించండి. ‘ఇంటర్వ్యూ’ అన్న మాటకి స్టార్ వరకే. దానికి కూడా స్పామ్ మినహాయింపు ఇచ్చారంటే, రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమనే దొంగ ఉద్యోగాల వాళ్లకి మీరే తలుపు తీసినట్టు.

నలభై వేల మెయిళ్లన్నారు కాబట్టి ఇంకో మాట. డ్రైవ్, ఫొటోలు, మెయిల్ అన్నిటికీ కలిపి గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీయే. అది నిండితే కొత్త మెయిళ్లు లోపలికే రావు, అప్పుడు ఏ ఫిల్టర్ సరిచేసీ లాభం లేదు.

అన్నీ అయ్యాక పరీక్ష మీ చేతిలో ఉంది. మీ సొంత ఐడీ నుంచి అతనికి రెండు మెయిళ్లు పంపండి. ఒకదాంట్లో ‘ఆఫర్ లెటర్’ అనీ, రెండోదాంట్లో ‘ఇంటర్వ్యూ’ అనీ ఇంగ్లిష్‌లో రాయండి. రెండూ ఇన్‌బాక్స్‌లోకి వచ్చి, ఫోన్ మోగి, రెండోదానికి స్టార్ పడేదాకా ఇంకో కంపెనీకి అప్లై చేయనివ్వకండి. సార్టింగ్ తప్పు పట్టడంలో ఆ ఇంట్లో మీకంటే అనుభవం ఎవరికుంది?