హామెలిన్ వేణువు: కథా? ఇతిహాసమా? ఐతిహ్యమా?

సందేహం: ఎలుకలను, ఆపైన ఊరి పిల్లలను వెంట తీసుకుపోయిన జర్మనీ ఊరు హామెలిన్ వేణువువాడి కథను మా అమ్మాయి పాఠంలో ‘కల్పిత కథ’ అన్నారు. ఒక పత్రికలో ‘జర్మన్ ఇతిహాసం’ అని చదివాను. అది నిజంగా జరిగిందనేవారూ ఉన్నారు. దాన్ని ఏమనాలి?

సమాధానం: ‘ఇతిహాసం’ వద్దే వద్దు. తెలుగులో ఆ మాట రామాయణ భారతాలది. జరిగినదాన్ని చెప్పడానికి ‘చరిత్ర’ ఉండగా, హిందీ చూసి ‘సరికొత్త ఇతిహాసం లిఖించాడు’ అని ఆటల పేజీల్లో రాయడం ఏం అందం? ‘కల్పిత కథ’ అన్నది తొందరపాటు. జర్మన్ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు దీన్ని 1812లో మొదలుపెట్టిన పిల్లల కథల్లో చేర్చలేదు, 1816 నాటి ‘జర్మన్ ఐతిహ్యాలు’లో పెట్టారు. కథలో కవిత్వం పాలు ఎక్కువ, ఐతిహ్యంలో చరిత్ర పాలు ఎక్కువ అని తేడా చెప్పిందీ వారే.

ఈ ‘ఐతిహ్యం’ ఎంత చక్కని మాటో చూడండి. ‘ఇతి హ’ అంటే ‘ఇలాగట’. దాని మీద పాణిని ప్రత్యయం చేర్చగా ఐతిహ్యం వచ్చింది. ‘పారంపర్యోపదేశే స్యాదైతిహ్యమ్’ అని అమరకోశం. తరతరాలుగా నోటి మీద వచ్చినదని అర్థం. మన తర్క పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహ దీపికలో దీనికి ఉదాహరణ ఇచ్చాడు: ‘ఇహ వటే యక్షస్తిష్ఠతి’, ఈ మర్రిచెట్టు మీద యక్షుడున్నాడట. మొదట చెప్పినవాడెవడో తెలియని మాట, ‘అజ్ఞాతమూలవక్తృక శబ్దం’, ఐతిహ్యమని ఆయన నిర్ణయం. సంస్కృతానికి రెండు అవ్యయాలు కావలసిన చోట తెలుగుకు క్రియ చివర ఒక్క ‘అట’ చాలు. ఇప్పటి వార్తల్లో ఆ ‘అట’ను తీసేసి, విన్నదాన్ని కూడా కన్నట్టు రాస్తున్నారు.

హామెలిన్‌కు ఈ కొలత పెడదాం. 15వ శతాబ్ది నడిమి, జర్మనీ పట్టణం లూనెబుర్గ్ పేరిటి రాతప్రతిలో ఉన్నదిది: 1284 జూన్ 26న ముప్పై ఏళ్ళ అందగాడు ఒకడు మంచి బట్టలతో, వెండి వేణువుతో వేజర్ నది వైపు ద్వారం గుండా వచ్చాడు. 130 మంది పిల్లలు అతని వెంట తూర్పు ద్వారం దాటి పోయి కనిపించకుండా పోయారు. ఎలుకల ఊసే లేదు. అవి 16వ శతాబ్ది నడుమ వచ్చి చేరాయి. 1347 తర్వాతి ప్లేగుతో ముడిపెట్టేవారు పిల్లలు పోయిన తేదీ, ఎలుకలు చేరిన తేదీ రెండూ చూసుకోవాలి. పిల్లలు యుద్ధంలో పోయారనీ, నాట్యపు పిచ్చి పట్టిందనీ వేరే ఊహలున్నాయి.

నాకు బలంగా తోచేది వలస. తూర్పున కొత్త భూముల్లో స్థిరపడేవారిని కూడగట్టే ఏజెంట్లు ఆ కాలంలో ఊళ్ళు తిరిగేవారు. పేర్ల పరిశోధకుడు యూర్గెన్ ఉడోల్ఫ్ హామెలిన్ చుట్టుపట్ల పేర్లు బెర్లిన్‌కు ఉత్తరాన ఉకర్‌మార్క్, ప్రిగ్నిట్జ్ ప్రాంతాల్లో మళ్ళీ కనిపించడాన్ని చూపాడు. మరి ‘పిల్లల’ మాట? హామెలిన్‌లో 1602–03లో కట్టిన ఇంటి మీది శాసనం వారిని ‘హామెలిన్‌లో పుట్టిన’ పిల్లలంటుంది. ‘తెలంగాణ బిడ్డ’, ‘సీమ బిడ్డ’ అన్నప్పుడు మనం ఉయ్యాలలో పాపను తలచుకోం కదా! ఊరి బిడ్డలంటే ఊరివాళ్ళు, పడుచువాళ్ళు కూడా కావచ్చు.

కాబట్టి ‘ఐతిహ్యం’ అనండి. ఒక్క చిక్కుంది. చర్చి పెద్ద (డీన్) యోహాన్ ఫాన్ ల్యూడె తల్లి పిల్లలు వెళ్తుండగా చూసిందని ఆ రాతప్రతే చెబుతోంది. మూలవక్త దొరికినట్టే అయితే అన్నంభట్టు లక్షణం పూర్తిగా కుదరదు. అయితే ఆమె మాటా మనకు ‘చూసిందట’గానే చేరింది గనుక ‘ఐతిహ్యం’ ప్రస్తుతానికి నిలుస్తుంది. పాఠ్యపుస్తకంలో ఉత్త ‘కథ’ అంటే నేను తప్పు పట్టను, ‘కల్పిత’ను మాత్రం కొట్టేయించండి.