అమ్మడూ, ఏడున్నరకల్లా బల్ల ముందు కూర్చోండి

అమ్మడూ,

మీ అమ్మానాన్నల్ని కారెక్కించుకుని మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ దాకా నువ్వే తోలుకెళ్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. దారిలో బర్గర్ల షాపుల జోలికి పోకుండా పల్లెటూరి పబ్బుల్లో తినిపిస్తానన్నావట. రివర్స్ పార్కింగ్‌కి ఏడ్చిన పిల్ల ఏడొందల కిలోమీటర్ల పైచిలుకు తోలుతుందంటే ఛాతీ పొంగింది. ఆ వెంటనే గుబులూ పట్టుకుంది. "నాకు తెలుసులే పెద్దమ్మా" అనకుండా చివరిదాకా చదువు.

కమర్షియల్ హోటల్, రాయల్ హోటల్, రైల్వే హోటల్ అని బోర్డులుంటాయి. అవే పబ్బులు. గదులు ఉంటేనే మందు లైసెన్సు ఇచ్చిన కాలం నుంచి ఆ పేరు నిలిచిపోయింది. లోపలికెళ్ళి కూర్చుంటే ఎవరూ రారు. ముందు బల్ల చూసుకుని దాని నంబరు గుర్తుపెట్టుకో, కౌంటరు దగ్గరికెళ్ళి చెప్పి, డబ్బు కట్టెయ్యి. నంబరు కర్రో, మోగే బజరో చేతికిస్తారు. కత్తులు, ఫోర్కులు, నాప్‌కిన్లు పక్కన డబ్బాలో ఉంటాయి, మనమే తెచ్చుకోవాలి. టిప్పు ఇవ్వక్కర్లేదు.

అచ్చేసిన మెనూ చూడకముందు నల్లబోర్డు చూడు. చవక అంతా దానిమీదే ఉంటుంది. ఒక రాత్రి స్టేక్, ఒక రాత్రి ష్నిట్జెల్ (రొట్టెపొడి పట్టించి వేయించిన పల్చటి మాంసం ముక్క), ఇంకో రాత్రి పార్మా (అదేంటో కింద చెప్తాను), ఆదివారం రోస్ట్ అని ఊరికో వరస. మామూలు రోజు పాతిక, ముప్ఫై డాలర్లుండే పార్మా ఆ రాత్రి పదిహేను, ఇరవై మధ్య దొరుకుతుంది. కింద చిన్న అక్షరాల్లో "డ్రింక్ కొంటేనే" అని ఉంటుంది, చూసుకో. కూల్‌డ్రింకైనా చాలు. మధ్యాహ్నం పూట సీనియర్స్ మీల్ ఉంటే మీ అమ్మకు అదే చెప్పు. చిన్న ప్లేటు, తక్కువ ధర. సీనియర్స్ కార్డు ఉందా అని కొన్నిచోట్ల అడుగుతారు, లేదని చెప్పినా చాలామంది ఇచ్చేస్తారు. ఆదివారం, పబ్లిక్ హాలిడే బిల్లు మీద పదో పదిహేనో శాతం అదనంగా వేసేవాళ్ళున్నారు. శుక్రవారం రాత్రి అయితే బల్ల ముందే చెప్పిపెట్టుకో. ఆ రోజు ఊరంతా అక్కడే ఉంటుంది. మీట్ ట్రే రాఫిల్ టికెట్లు, అంటే పచ్చి మాంసం పళ్ళెం బహుమతిగా పెట్టే లాటరీ టికెట్లు, అమ్ముకుంటూ వస్తారు. మొహమాటానికి కొన్నావనుకో, గెలిస్తే రెండు కిలోల పచ్చి సాసేజీలు డిక్కీలో వేసుకుని అడిలైడ్ పోవాలి.

ఇక తిండి. పార్మా అంటే రొట్టెపొడి పట్టించి వేయించిన కోడి ముక్క, మీద టమాటా సాస్, దానిమీద హ్యామ్, అన్నిటిపైనా చీజ్. ఆ హ్యామ్ చీజ్ కింద దాక్కుంటుంది. మీ నాన్న సగం తిన్నాక బయటపడుతుంది. ఆర్డరిచ్చేటప్పుడే "నో హ్యామ్" అను, రోజూ వినే మాటే వాళ్ళకి. చిప్స్ పక్కన వేయమను. లేకపోతే ముక్కను చిప్స్ మీద పడేసి ఇస్తారు, అయిదు నిమిషాల్లో ఆవిరికి చిప్స్ మెత్తబడి ముద్దవుతాయి. ష్నిట్జెల్ మీద పోసే గ్రేవీ చాలాచోట్ల బీఫ్ రుచిదే. విడిగా గిన్నెలో ఇమ్మను, లేదా వద్దను. మిక్స్‌డ్ గ్రిల్ జోలికి అసలు పోవద్దు, బీఫూ పోర్కూ ఒకే ప్లేటులో ఉంటాయి. గొర్రె మాంసం మాత్రం బాగా వండుతారు. లాంబ్ షాంక్స్ బోర్డు మీద కనిపిస్తే మీ నాన్నకు చెప్పు, ఎముక నుంచి మాంసం దానంతటదే ఊడి వస్తుంది. విక్టోరియాలో, అంటే మెల్‌బోర్న్ ఉన్న రాష్ట్రంలో, చేప దగ్గర "ఫ్లేక్" అని రాసి ఉంటే అది సొర. సొరపుట్టు కోసం పడిచచ్చే మనిషికి పేరు చెప్తే చాలు.

శనివారం మీ అమ్మతోనే చిక్కు. వెజ్ బర్గరో, వెడ్జెస్ విత్ సోర్ క్రీమో, గార్లిక్ బ్రెడ్డో దొరుకుతాయి. చిప్స్ ఏ నూనెలో వేయిస్తారో అడుగు. పశువుల కొవ్వులో వేయించే వంటిళ్ళు ఇంకా ఉన్నాయి, నూనె అయినా కోడి ముక్కలు వేసిన బాండీలోనే వేస్తారు. అది తెలిస్తే అమ్మ తినదు. తెలియకుండా పెట్టేద్దామని మాత్రం అనుకోకు. ఉడికించిన కూరగాయలు, మ్యాష్, సలాడ్ కలిపి ఒక ప్లేటు చేయమంటే కాదనరు. ఆవకాయ చిన్న సీసా హ్యాండ్‌బ్యాగులో వేసుకో. తీసేముందు కౌంటరు దగ్గర ఒకమాట అడుగు, అంతే. ప్లేట్లు పెద్దవి, ముగ్గురికి రెండు మీల్స్, ఒక ఖాళీ ప్లేటు చాలు.

ఇప్పుడు అసలు మాట. వంటిల్లు పబ్బు తెరిచి ఉన్నంతసేపూ ఉండదు. మధ్యాహ్నం 12 నుంచి 2, సాయంత్రం 6 నుంచి 8. చిన్న ఊళ్ళలో సోమ, మంగళవారాలు పొయ్యే వెలిగించరు. బయట దీపాలుంటాయి, లోపల మనుషులుంటారు, బీరు పోస్తుంటారు, తిండి మాత్రం ఉండదు. ఈ దేశంలో పబ్బుకీ గడియారానికీ తగాదా పాతదే. విక్టోరియాలో 1966 దాకా, అడిలైడ్ ఉన్న సౌత్ ఆస్ట్రేలియాలో 1967 దాకా సాయంత్రం ఆరింటికే బార్లు కట్టేసేవాళ్ళు.

మేం చేసిన తప్పు ఇది. అడిలైడ్ నుంచి తిరిగొస్తున్నాం. రెండు రాష్ట్రాల సరిహద్దుకు ఇంకా సౌత్ ఆస్ట్రేలియా వైపే ఉన్న బోర్డర్‌టౌన్‌లో (ఒకప్పటి ప్రధాని బాబ్ హాక్ పుట్టిన ఊరు) సాయంత్రం ఏడింటికి ఆగాం. ఎదురుగా పబ్బు, వంటిల్లు తెరిచే ఉంది, వేడివేడి వాసన వస్తోంది. కానీ సరిహద్దు దాటాక విక్టోరియాలో వచ్చే ఊళ్ళో ఆ రాత్రి ష్నిట్జెల్ పన్నెండు డాలర్లేనని నాకు తెలుసు. ఇక్కడ ఇరవై. ఎనిమిది డాలర్ల కక్కుర్తి నాది. నలభై నిమిషాల దూరమే కదా పదండి అన్నాను. మీ పెదనాన్న వేసుకునేది భోజనానికి అరగంట ముందు పొడుచుకునే మిక్స్‌డ్ ఇన్సులిన్. దిగేసరికి లెక్క సరిపోతుందని 7:10కి కారులోనే పొడుచుకున్నారు. ఆయన చేతి గడియారంలో 7:40కి దిగాం. లోపల గోడ గడియారంలో 8:10.

విక్టోరియా గడియారం సౌత్ ఆస్ట్రేలియా కంటే అరగంట ముందుంటుంది. సరిహద్దు దాటగానే ఫోను దానంతటదే మారిపోతుంది. చేతి గడియారం, కారు డ్యాష్‌బోర్డు మారవు. మేం ఆ రెండే చూశాం. వంటమనిషి ఒక్కతే. అప్పటికే ఫ్రయర్ ఆపేసి గ్రిల్లు గీకేస్తోంది. చల్లారుతున్న నూనె మళ్ళీ కాగాలంటే చాలాసేపు పడుతుంది, ఆమె గంటలూ అయిపోయాయి. ఆమె తప్పేం లేదు. ఇన్సులిన్ మాత్రం ఆగదు కదా. ఎనిమిదిన్నరకి ఆయన నుదుటి మీద చెమట, మాట ముద్దముద్దగా, నా చెయ్యి పట్టుకున్న వేళ్ళు వణుకుతున్నాయి. బారు వెనకాల మనిషి చూసి అడక్కుండానే గ్లాసు నిండా లెమనేడ్ పోసిచ్చాడు, పంచదార ఉన్నది. ఆ వంటావిడ కాసేపటికి జామ్ రాసిన టోస్టు పట్టుకొచ్చింది, డబ్బులు తీసుకోలేదు. ఆ ఎనిమిది డాలర్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మీ నాన్న కూడా ఇప్పుడు ఇన్సులిన్ మీదే ఉన్నాడు. కాబట్టి విను. కారులో సూది వద్దు. వంటిల్లు నడుస్తోందని కళ్ళారా చూసి, కౌంటరు దగ్గర డబ్బు కట్టి, ప్లేటు ఎంతసేపట్లో వస్తుందో అడిగి, అప్పుడు. చేతికందేలా జెల్లీ బీన్స్ పెట్టుకో. షుగరు పడిపోతే ఆరేడు నమిలించు, లేదంటే 150 మిల్లీలీటర్ల మామూలు కూల్‌డ్రింకు. డైట్‌ది పనికిరాదు. పావుగంటలో మళ్ళీ పరీక్ష చూసి, పెరిగాక బ్రెడ్డో బిస్కెట్టో పెట్టు. పెరక్కపోతే మళ్ళీ జెల్లీ బీన్సే. మనిషి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏదీ పోయొద్దు, ఎమర్జెన్సీ నంబరు 000కి ఫోన్ చెయ్యి.

వెళ్ళేటప్పుడు అరగంట కలిసొస్తుంది, వచ్చేటప్పుడు పోతుంది. తిరుగు ప్రయాణంలో ఏ టైమైనా విక్టోరియా లెక్కలోనే వేసుకో. మధ్యాహ్నమే పబ్బుకు ఫోన్ చేసి "ఆర్ యూ డూయింగ్ మీల్స్ టునైట్?" అని అడుగు, లాస్ట్ ఆర్డర్ ఎన్నింటికో కూడా. రాత్రి భోజనాన్ని వాళ్ళు "టీ" అంటారు. "టీ ఎట్ సిక్స్" అంటే టీ నీళ్ళనుకుని మీ అమ్మ సంతోషపడుతుంది, ముందే చెప్పు. ఆలస్యమయ్యేలా ఉంటే దారిలోనే ఫోన్ చేసి ఏం కావాలో చెప్పేస్తే కొందరు వండి పక్కన పెడతారు. ఊళ్ళ మధ్య సిగ్నల్ పోతుంది, కాబట్టి ఊళ్ళో ఉండగానే చెయ్యి.

అసలు రాత్రి తిని బయల్దేరడమే వద్దు. పొద్దు వాలేటప్పుడు కంగారూలు రోడ్డెక్కుతాయి. ఎదురొస్తే స్టీరింగ్ తిప్పకు, తిన్నగా బ్రేకే. చెట్టుకు గుద్దుకుని పోయేవాళ్ళు తిప్పినవాళ్ళే. మధ్యాహ్నం పబ్బులో గట్టిగా తిని, చీకటి పడకముందే పడుకోబోయే ఊరు చేరి, అక్కడి పబ్బుకి నడిచి వెళ్ళండి. మొదటి రాత్రి హార్షమ్‌లో ఆగు, మెల్‌బోర్న్ నుంచి మూడొందల కిలోమీటర్లు, ఆ రోజుకి చాలు. పబ్బు పైగదులు చవకే గానీ బాత్రూమ్ వరండా చివర ఉంటుంది, రాత్రి మీ నాన్న లేచి వెళ్ళలేడు. నడిచే దూరంలో మోటెల్ చూడు.

నీ కారుకి ఇంకా పచ్చ పీ (కొత్త డ్రైవర్ల ప్లేటు) ఉంది. నీకు మందు సున్నా. లెమన్ లైమ్ అండ్ బిటర్స్ పిల్లల షర్బత్‌లా ఉంటుంది గానీ ఆ బిటర్స్ చుక్కలు మద్యమే. లెమన్ స్క్వాష్ తాగు. మీ నాన్న బీరు అడిగితే ఒక్క పాట్, అంటే 285 మిల్లీలీటర్ల గ్లాసు, అదీ అన్నంతోపాటే. సరిహద్దు దాటాక అదే గ్లాసుని స్కూనర్ అంటారు. సిడ్నీ స్కూనర్ 425 అని ఎవరో చెప్పారని, అంత పట్టే అక్కడి పైంట్ అడుగుతాడేమో, అడగనివ్వకు. ఇన్సులిన్ మీద బీరు గంటల తర్వాత, నిద్రలో షుగరు దించుతుంది.

హార్షమ్ చేరాక ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా ఫర్వాలేదు అనబోయాను. కాదు, వెలుగుండగానే చెయ్యి.

మీ పెద్దమ్మ