విశ్వంలో పదార్థం ఎంతో తేల్చడానికి గెలాక్సీల గుంపులు చూస్తే చాలదా, లెన్సింగ్ కూడా ఎందుకు?

చాలదు, ఎందుకంటే గెలాక్సీల గుంపులు వెలుగు ఎక్కడ పోగైందో చెబుతాయి గానీ, దాని వెనక పదార్థం ఎంత పోగైందో లెన్సింగే చెప్పాలి. లెన్సింగ్ అంటే దారిలో ఉన్న పదార్థం గురుత్వాకర్షణకు వెనక గెలాక్సీల కాంతి వంగి, వాటి ఆకారం కాస్త మారి కనిపించడం.

పదార్థంలో ఎక్కువ భాగం కంటికి కనిపించని డార్క్ మ్యాటర్. అది దట్టంగా ఉన్న చోట్లే గెలాక్సీలు పుడతాయి కాబట్టి, వాటి గుంపులు పదార్థం పంపకాన్ని ఉన్నదున్నట్టు చూపించవు. ఈ తేడాను బయాస్ అంటారు. గెలాక్సీల గుంపుల కొలతలో బయాస్ రెండుసార్లు గుణించి ఉంటుంది. ముందున్న గెలాక్సీల చుట్టూ వెనకవాటి కాంతి ఎంత వంగిందో కొలిస్తే ఒక్కసారే వస్తుంది. వెనక గెలాక్సీల ఆకారాలను ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు అసలు రాదు. మూడూ కలిపి చూస్తే బయాస్ ఎంతో తేలిపోతుంది, దాంతో పదార్థం వాటా, అది ఎంతగా ముద్దకట్టిందన్న సంఖ్య విడిగా దొరుకుతాయి.

చిలీలోని 4 మీటర్ల బ్లాంకో టెలిస్కోప్‌తో 2013 నుంచి 2019 వరకు సాగిన డార్క్ ఎనర్జీ సర్వేలో చేసింది ఇదే. మొదటి మూడేళ్ల డేటాలో 10 కోట్లకు పైగా గెలాక్సీల ఆకారాలు కొలిచి, విశ్వం మొత్తం శక్తిలో పదార్థం వాటా సుమారు 34 శాతమనీ, ముద్దకట్టడాన్ని సూచించే ఎస్8 విలువ 0.776 అనీ తేల్చారు. విశ్వం తొలినాళ్ల నుంచి మిగిలిన ఆదిమ కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం లెక్కలో ఎస్8 దాదాపు 0.83. తేడా చిన్నదే, వాదన మాత్రం పెద్దది.

లెన్సింగ్ అనగానే ఫొటోల్లో కనిపించే వంకర చాపాలు, వలయాలే అనుకుంటారు. ఇక్కడ వాటితో పని లేదు. ఒక్కో గెలాక్సీ ఆకారంలో మార్పు 1 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. అది సహజంగానే కోలగా ఉందో, కాంతి వంగి అలా కనిపిస్తోందో ఒక్కదాన్ని చూసి ఎవరూ చెప్పలేరు. కోట్ల గెలాక్సీల సగటు తీస్తేనే ఆ వంపు బయటపడుతుంది.