‘గెట్’కి అన్ని అర్థాలేమిటి? క్లాసులో చెబుతూ గమనించిన కొన్ని విషయాలు

మీ ప్రశ్న ఇది: “‘ఐ గాట్ ఎ జాబ్’, ‘ఐ గాట్ టయర్డ్’, ‘ఐ గాట్ హోమ్’, ‘ఐ గాట్ ఇట్’ - నాలుగింట్లోనూ మాట ఒకటే, అర్థాలు మాత్రం నాలుగు. డిక్షనరీ తీస్తే ఇంకా పేజీలకు పేజీలున్నాయి. ఇదంతా బట్టీ పట్టాల్సిందేనా?”

అక్కర్లేదు. చాలా ఏళ్లుగా పెద్దవాళ్లకు స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. ఈ మాట దగ్గర ఆగిపోయేవాళ్లను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. అర్థాల జాబితా ఇచ్చి నేర్చుకోమంటే ఎవరికీ రాలేదు. లోపలున్న ఒక్క సంగతి పట్టుకున్నవాళ్లు మాత్రం, కొత్త వాక్యం ఎదురైనా తడుముకోకుండా అర్థం చెప్పేవారు.

ముందు ఒక మాట. ఇన్ని అర్థాలుండటం ‘గెట్’ ఒక్కదాని ప్రత్యేకత కాదు. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో ముద్రణలో అన్నిటికంటే పొడవైన పద వివరణ ‘సెట్’ది. క్రియగా దానికే 430 అర్థాలు చూపించారు. తర్వాత నిఘంటువును సవరిస్తూ ‘రన్’ దగ్గరికి వచ్చేసరికి, క్రియగానే దానికి 645 అర్థాలు లెక్కకొచ్చాయి. గో, టేక్, పుట్, మేక్ కూడా ఈ కోవలోవే. పొద్దున లేచింది మొదలు అందరి నోట్లో నలిగే చిన్న మాటలకే అర్థాలు పెరుగుతాయి. ‘ఫొటోసింథసిస్’కి ఒక్క అర్థమే ఉంది. దాన్ని రోజూ ఎవరు వాడతారు?

ఇక అసలు విషయం. ‘బి’, ‘హ్యావ్’ అనేవి ఉన్న స్థితిని చెబుతాయి. ‘గెట్’ ఆ స్థితిలోకి రావడాన్ని చెబుతుంది. ‘షి ఈజ్ మ్యారీడ్’ అంటే ఆమె పెళ్లయిన మనిషి. ‘షి గాట్ మ్యారీడ్’ అంటే ఆమెకు పెళ్లయింది. ‘ఐ హ్యావ్ ఎ కార్’ అంటే నాకు కారుంది, ‘ఐ గాట్ ఎ కార్’ అంటే ఇదివరకు లేదు, ఇప్పుడు వచ్చింది. ‘ఐ యామ్ హోమ్’ అంటే ఇంట్లో ఉన్నాను, ‘ఐ గాట్ హోమ్’ అంటే ఇంటికి చేరాను. ‘ఐ నో హర్’ అంటే ఆమె నాకు తెలుసు, ‘ఐ గాట్ టు నో హర్’ అంటే పరిచయం పెరిగి ఆమె ఎలాంటిదో తెలిసింది. లేనిది రావడం, కానిది అవడం, అందనిది అందడం - అన్నిట్లోనూ జరుగుతున్నది ఒకటే, మార్పు.

మరి ఆ నాలుగు అర్థాలూ ఎక్కడివి? అవి ‘గెట్’లో లేవు, దాని వెనక వచ్చే మాటలో ఉన్నాయి. వెనక వస్తువు వస్తే దొరకడం. టయర్డ్, యాంగ్రీ, డార్క్ లాంటి విశేషణం వస్తే అవడం. చోటు వస్తే చేరడం. మాటో జోకో లెక్కో వస్తే అర్థమవడం, అంటే అది బుర్రకు అందడం. అందుకే ‘గెట్’ని విడిగా రాసుకుని అర్థం వెతకొద్దని క్లాసులో మొదటి రోజే చెబుతాను. దాని పక్కమాటతో కలిపి రాసుకోండి.

తెలుగువాళ్లకు దీన్ని పట్టుకోవడానికి ఒక మంచి పట్టు ఉంది. పుస్తకాల్లో దాన్ని వాడుకోవడం తక్కువగా కనిపిస్తుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. అది మన ‘నాకు వచ్చింది’. నాకు ఉద్యోగం వచ్చింది, ఉత్తరం వచ్చింది, జలుబు వచ్చింది, మంచి మార్కులు వచ్చాయి, ఒక ఆలోచన వచ్చింది. వీటన్నిట్నీ ఇంగ్లీషులో ‘ఐ గాట్’తో మొదలుపెట్టవచ్చు. మనం ‘నాకు’ అని పక్కన నిలబడతాం, వచ్చేది వస్తుంది. ఇంగ్లీషు మాత్రం అదే సంగతిని ‘నేను’ అని మనిషిని ముందు నిలబెట్టి చెబుతుంది. ఈ మలుపు ఒక్కటి అలవాటైతే సగం వాక్యాలు వాటంతటవే వచ్చేస్తాయి.

అయితే ఈ పట్టు ఎక్కడ జారుతుందో కూడా తెలియాలి. ‘నాకు నిద్ర వస్తోంది’ని ‘ఐ యామ్ గెటింగ్ స్లీప్’ అనేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. తెలుగులో వచ్చేది ‘నిద్ర’, అంటే నామవాచకం. ఇంగ్లీషులో అక్కడ మారేది మనిషి, అందుకని ‘ఐ యామ్ గెటింగ్ స్లీపీ’ అని విశేషణం పెట్టాలి. ‘నాకు కోపం వచ్చింది’ కూడా ఇంతే: ‘ఐ గాట్ యాంగ్రీ’, అంతేగాని ‘ఐ గాట్ యాంగర్’ కాదు. ఆకలికి ‘హంగ్రీ’, భయానికి ‘స్కేర్డ్’. లోపల పుట్టే భావాలకూ ఒంటి అవస్థలకూ దాదాపు ఇదే పద్ధతి. బయటి నుంచి వచ్చే ఉత్తరం, ఫోను, ఉద్యోగం, జలుబు లాంటివాటికి నామవాచకం సరిపోతుంది.

‘నాకు ఈత వచ్చు’ దగ్గర మాత్రం ‘గెట్’ అసలు పనికిరాదు. అక్కడి ‘వచ్చు’ మార్పు కాదు, ఇప్పటికే ఉన్న నేర్పు. దానికి ‘ఐ కెన్ స్విమ్’. అలాగే పాఠం బుర్రకెక్కనప్పుడు ‘ఐ యామ్ నాట్ గెటింగ్’ అని ఆపేస్తే వినేవాళ్లు ఇంకా ఏదో చెబుతారని ఎదురుచూస్తారు. ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అనాలి. ఆ చివరి ‘ఇట్’ చాలా ముఖ్యం. ఏమందలేదో చెప్పకుండా ఆ వాక్యం నిలబడదు.

వచ్చేదే కాదు, మనం వెళ్లి తెచ్చేది కూడా ‘గెట్’ కిందికే వస్తుంది. ‘ఐ గాట్ ఎ లెటర్’లో ఉత్తరం నా దగ్గరికి వచ్చింది. ‘ఐ గాట్ ఎ చెయిర్ ఫ్రమ్ ది నెక్స్ట్ రూమ్’లో నేనే లేచి వెళ్లి పక్క గదిలోంచి కుర్చీ తెచ్చాను. ఎవరు కదిలారన్నది ‘గెట్’ చెప్పదు, చుట్టూ ఉన్న సందర్భం చెబుతుంది. ‘ఐ విల్ గెట్ ఇట్’ అన్న వాక్యం తీసుకోండి. ఫోన్ మోగుతుంటే అంటే ‘నేను తీస్తాను’. ఎవరో తలుపు కొడుతుంటే ‘నేను చూస్తాను’. కళ్లజోడు పై గదిలో మరిచిపోయానని మీరంటే ‘నేను తెస్తాను’. అక్షరం మారలేదు.

ఇక అందరినీ ఎక్కువగా టెన్షన్ పెట్టే జంట ఒకటుంది. మా క్లాసుకు వచ్చే ఒకావిడ ఒకరోజు ఫోన్ తెరిచి తన మేనేజర్ పంపిన మెసేజ్ చూపించింది. ‘యు గెట్ టు ప్రెజెంట్ ఆన్ మండే’ అని ఉంది. “సోమవారం నన్ను ప్రెజెంట్ చేసి తీరాలంటున్నారు సార్, ముందు ఒక మాటైనా అడగలేదు” అని ఆవిడ బాధ. ముఖం చూస్తే రాత్రి నిద్రపోయినట్టు లేదు. నిజానికి ఆ మెసేజ్‌లో ఉన్నది మంచి కబురు. ‘గెట్ టు’ అంటే అవకాశం దక్కడం: సోమవారం మాట్లాడే అవకాశం మీకొచ్చింది, అంతే. చేసి తీరాలని చెప్పాలంటే ‘యు హ్యావ్ గాట్ టు ప్రెజెంట్’ అనేవారు. ఇదే వాక్యం భూతకాలంలోకి వెళ్తే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ‘ఐ గాట్ టు మీట్ హర్’ అంటే ఆమెను కలిసే అవకాశం దొరికింది. ‘ఐ హ్యావ్ గాట్ టు మీట్ హర్’ అంటే ఆమెను కలవక తప్పదు. రాతలో తేడా స్పష్టంగానే ఉంటుంది. మాటల్లో మాత్రం ఆ ‘హ్యావ్’ కుదించుకుపోయి ‘వ్’ అవుతుంది, ఒక్కోసారి అదీ వినబడదు. మిగిలిన ‘గాట్ టు’ కూడా కలిసిపోయి ‘గాటా’ అవుతుంది. అప్పుడు కాలాన్ని చూసుకోండి. జరిగిపోయిన సంగతి చెబుతుంటే అవకాశం, జరగబోయేది చెబుతుంటే తప్పనిసరి. చాలా సందర్భాల్లో ఈ గుర్తు సరిపోతుంది.

‘హ్యావ్ గాట్’ అన్నప్పుడు రెండు క్రియలెందుకని కూడా చాలామంది అడుగుతారు. ‘ఐ హ్యావ్ గాట్ ఎ పెన్’ అంటే మొదట ‘పెన్ను సంపాదించి ఉన్నాను’ అని. సంపాదించాక అది నా దగ్గరే ఉంటుంది కదా, అలా మెల్లగా ‘నా దగ్గర పెన్నుంది’ అన్న అర్థమే స్థిరపడింది. అమెరికావాళ్లు ఇక్కడ ఒక చక్కని తేడా నిలుపుకున్నారు. వాళ్లు ‘ఐ హ్యావ్ గాట్ టికెట్స్’ అంటే టికెట్లు దగ్గరున్నాయని, ‘ఐ హ్యావ్ గాటెన్ టికెట్స్’ అంటే సంపాదించానని. బ్రిటన్‌లో రెంటికీ ‘గాట్’ చాలు. ‘గాటెన్’ అమెరికావాళ్లు పుట్టించిన మాటేమీ కాదు. ఇంగ్లండులో పూర్వం నుంచీ ఉన్నదే. అక్కడ వాడుక తగ్గిపోయింది, సముద్రం దాటి వెళ్లినవాళ్ల దగ్గర నిలిచింది. ‘ఫర్గాటెన్’ మాత్రం ఇప్పటికీ రెండు చోట్లా ఉంది.

చరిత్ర మాట వచ్చింది కాబట్టి ఇంకొంచెం. ‘గెట్’ ఇంగ్లీషులోకి స్కాండినేవియా వాళ్ల పాత నోర్స్ భాషలోని ‘గెటా’ నుంచి వచ్చింది. 8వ శతాబ్దం చివర్లో వైకింగులు ఇంగ్లండు మీదికి దాడులకు వచ్చారు, తర్వాత చాలామంది అక్కడే స్థిరపడ్డారు. ఇరుగుపొరుగుగా బతికిన కాలంలో రెండు భాషలూ కలిశాయి. ‘టేక్’, ‘స్కై’, ‘ఎగ్’, చివరికి ‘దే’ అనే సర్వనామం కూడా అలా వచ్చినవే. పాత ఇంగ్లీషులో దీనికి చుట్టమైన క్రియ ఒకటుండేది, కాని దాన్ని ‘య’ శబ్దంతో పలికేవారు. ఇవాళ మనం గట్టిగా ‘గ’ అని పలకడం నోర్స్ ప్రభావమే. పరాయి మాట వచ్చి సొంత మాటల కంటే ఎక్కువగా ఇంటిపని చేయడం నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషంగా ఉంటుంది.

ఇతరుల చేత పని చేయించడానికి కూడా ‘గెట్’ ఉంది. ‘ఐ గాట్ హిమ్ టు సైన్’ అంటే అతని చేత సంతకం పెట్టించాను. ‘ఐ గాట్ ఇట్ సైన్డ్’ అంటే దాని మీద సంతకం చేయించాను, ఎవరు చేశారన్నది ఇక్కడ ముఖ్యం కాదు. తెలుగులో చేయు-చేయించు, పెట్టు-పెట్టించు అని క్రియలోనే ఈ ఏర్పాటు ఉంది కాబట్టి మనకు భావం కొత్త కాదు. ‘టు’ ఒక్కటి మరవకూడదు. ‘మేడ్ హిమ్ సైన్’లో ‘టు’ రాదు, ‘గాట్ హిమ్ టు సైన్’లో రావాలి. రుచి కూడా వేరు. ‘మేడ్’లో బలవంతం వినిపిస్తుంది, ‘గాట్’లో నచ్చజెప్పడమో బతిమాలడమో ఏదో ప్రయత్నం వినిపిస్తుంది. ఈ తేడా పట్టించుకుంటే మీ ఇంగ్లీషుకు వెంటనే మెరుగొస్తుంది.

‘గాట్ ఫైర్డ్’, ‘గాట్ కాట్’, ‘గాట్ ప్రమోటెడ్’ లాంటివి మనిషికి ఏదో జరిగిందని చెప్పేవి. ‘వాజ్ ఫైర్డ్’ అన్నా తప్పు కాదు. ‘గాట్’ అంటే ఆ దెబ్బో లాభమో ఆ మనిషికి తగిలినట్టు ఉంటుంది, మాట్లాడే భాషకు దగ్గరగా ఉంటుంది.

గెట్ అప్, గెట్ బై, గెట్ అలాంగ్, గెట్ ఓవర్, గెట్ అవే విత్ లాంటి జంటల గురించి పెద్దగా చెప్పను. కొన్ని సూత్రంతోనే తెలిసిపోతాయి. ‘గెట్ ఓవర్’ అంటే ఒక బాధకు అవతలి వైపు చేరడం, అంటే దాన్నుంచి కోలుకోవడం. ‘గెట్ అవే విత్’ అంటే తప్పు చేసి కూడా శిక్ష లేకుండా బయటపడటం. ‘గెట్ అలాంగ్’ అంటే ఒకరితో పొసగడం, ఇది మాత్రం వాడుకలోనే పట్టుబడుతుంది. ‘గెట్ అవుట్ ఆఫ్ హియర్!’ అని స్నేహితుడు నవ్వుతూ అంటే పొమ్మని కాదు, ‘ఊరుకో, నిజమా!’ అని. ఇలాంటివి ఎదురైనప్పుడల్లా పూర్తి వాక్యంతో, ఎవరు ఎవరితో అన్నారో కూడా రాసుకోండి. విడి జంటల పట్టిక రేపటికి గుర్తుండదు.

చివరిగా, రాత గురించి. ‘గెట్’ వాడితే భాష చవకబారుగా ఉంటుందని కొందరు టీచర్లు దాన్ని కొట్టేస్తుంటారు. నేను ఒప్పుకోను. ఉద్యోగ దరఖాస్తులోనో, పరిశోధన వ్యాసంలోనో, ఆఫీసు నివేదికలోనో రిసీవ్, అబ్టెయిన్, బికమ్, అరైవ్ లాంటివి నప్పుతాయి, అక్కడ అవే వాడండి. వీటిలో ‘బికమ్’ ఒక్కటే అచ్చ ఇంగ్లీషు. మిగతా మూడూ ఫ్రెంచి దారిన వచ్చినవి, అందుకే వాటికి ఆ దర్బారు వాసన. మాటల్లో మాత్రం వాటిని దించకండి. ‘ఐ రిసీవ్డ్ ఎ కోల్డ్’ అంటే ఎదుటివాళ్లకు జలుబు పార్సిల్లో వచ్చినట్టుంటుంది. ‘ఐ గాట్ ఎ కోల్డ్’ అనండి. మీరడిగిన నాలుగు వాక్యాలూ మాట్లాడే ఇంగ్లీషులో ఉన్నవి ఉన్నట్టే వాడుకోవచ్చు, ఒక్క మాట కూడా మార్చాల్సిన పని లేదు.